దిగే దారి

మా మేనల్లుడికి ఈమధ్య ఒక అలవాటు పట్టుకుంది. ఎవరింటికి వెళ్లినా, ఏ హోటల్లో అడుగుపెట్టినా, కూర్చునే ముందు ఒకసారి చుట్టూ చూస్తాడు. గోడల మీది పటాలు వాడికి పట్టవు. తలుపు ఎటుంది, కిటికీకి కమ్ములున్నాయా, మెట్లు ఎంత వెడల్పున్నాయి, ఇవే వాడి కంట పడతాయి. మొన్న సెలవు మీద వచ్చినప్పుడు సూరత్ రింగ్ రోడ్డులో నేను పనిచేసే బట్టల మార్కెట్‌కు వచ్చాడు. పై అంతస్తులో దుకాణం. మెట్ల మలుపుల్లో పార్సిళ్లు, వాటి మీద మళ్లీ పార్సిళ్లు, కట్టు విప్పని చీరల మూటలు, మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. పైకొచ్చి మంచినీళ్లు తాగి, "మామా, ఈ మెట్లు గాక దిగెటందుకు ఇంకో తొవ్వ ఎటున్నది?" అని అడిగాడు. వెనకవైపు ఉందన్నాను. "దాని షట్టర్ తాళంచెవి ఎవరి దగ్గరుంటది?" వాచ్‌మన్ దగ్గర. "వాచ్‌మన్ ఇప్పుడెక్కడున్నడు?" ఆ చివరి ప్రశ్నకు ఆ అంతస్తులో ఎవరి దగ్గరా జవాబు లేదు. వాడు ఇంకేమీ అనలేదు, చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆ ప్రశ్నలు మాత్రం ఇప్పటికీ నా వెంటే తిరుగుతున్నాయి.

వాడు కచ్‌లో గాలిమరల మీద పనిచేస్తాడు. మాది మగ్గం నమ్ముకున్న వంశం. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపు నుంచి బతుకుతెరువుకు సూరత్ వచ్చి లింబాయత్, పర్వత్ పాటియా, ఉధ్నా వాడల్లో నిలదొక్కుకున్న పద్మశాలీల్లో మేమూ ఉన్నాం. ఇక్కడి మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతుందంటే మా జనం ఎంతమందో ఊహించుకోవచ్చు. వాడి తాత ఊళ్లో గుంత మగ్గం నేశాడు, కాళ్లు నేల లోపలికి దించి కూర్చునేవాడు. తండ్రి సూరత్‌లో పవర్‌లూమ్‌ల మధ్య నేల మీద నిలబడి పనిచేశాడు. వీడు ఐటీఐ చదివి నేలకు 120 మీటర్ల పైన పనికి కుదిరాడు. మూడు తరాల్లో గుంతలోంచి గాల్లోకి. మా అక్క ఈ సంగతి కొన్నాళ్లు గొప్పగానూ, కొన్నాళ్లు దిగులుగానూ చెప్పుకునేది. నేను మాత్రం ఇందులో ఒక విచిత్రమైన వరుసను చూస్తాను. భారతదేశంలో గాలిమరల వ్యాపారాన్ని పెద్దది చేసిన తులసీ తంతి కూడా సూరత్ బట్టల వ్యాపారం నుంచే వచ్చాడు. పాలిస్టర్ నూలు ఫ్యాక్టరీకి కరెంటు ఖర్చు తట్టుకోలేక, వచ్చే కరెంటును నమ్ముకోలేక, తన ఫ్యాక్టరీ కోసం రెండు గాలిమరలు కొన్నాడు. తర్వాత 1995లో సుజ్లాన్ కంపెనీ పెట్టాడు, 2022 అక్టోబర్ 1న పోయాడు. మగ్గం ఆగకుండా ఆడాలన్న ఆరాటమే ఈ మరల వెనక ఉందని తలచుకుంటే, మా వాడు వాటి మీదికి ఎక్కడం అంత వింతగా అనిపించదు. తిరుమల కాకులకొండ మీదా, పాత అనంతపురం జిల్లా రామగిరి వైపు కొండల మీదా అవి తిరుగుతుంటే మనం బస్సు కిటికీలోంచి చూసి ముచ్చటపడతాం. వాటి లోపల మనుషులుంటారన్న ఆలోచన ఎంతమందికి వస్తుంది?

టవర్ లోపలంతా నిచ్చెన. కొన్నిటికి చిన్న లిఫ్టు ఉంటుంది. పైన నాసెల్ అనే గది, అందులో గేర్‌బాక్స్, జనరేటర్, నూనె పైపులు, కేబుళ్లు. మనుషులు నిలబడేందుకు అక్కడ మిగిలేది చాలా తక్కువ చోటు. వచ్చేందుకు ఒకటే దారి, ఆ నిచ్చెన. ఒకవేళ మంట పుట్టి నిచ్చెన దారి పొగతో నిండితే? ఫైరింజన్ నిచ్చెన ఏదీ అంత ఎత్తుకు అందదు. అంబులెన్స్ వచ్చినా టవర్ కింద నిలబడి పైకి చూడటం తప్ప చేయగలిగింది లేదు. కాబట్టి ఎక్కినవాళ్లే దిగాలి, ఎక్కినవాళ్లే ఒకరినొకరు దింపుకోవాలి. గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్ అనే సంస్థ పేరు మీద ప్రపంచమంతటా జరిగే శిక్షణ సారం ఇదే. గాలిమరల తయారీదారులూ యజమానులూ కలిసి 2012లో దాన్ని ఏర్పాటు చేసుకున్నారు. ప్రథమ చికిత్స, బరువులెత్తడం, మంటల గురించి అవగాహన, ఎత్తులో పని, ఇలా విడివిడి పాఠాలు. సముద్రంలో మరల మీద పనిచేసేవాళ్లకు నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం అదనం. ఈ శిక్షణ పూర్తిచేసిన కాగితం లేకుండా చాలాచోట్ల టవర్ తలుపు కూడా తాకనివ్వరు.

మా వాడు శిక్షణ ముచ్చట్లు చెప్పేటప్పుడు చేతులు ఊరుకోవు. ఒంటికి హార్నెస్ బిగించుకుంటాడు, తొడల చుట్టూ పట్టీలు, ఛాతీ మీద ఒక ఇనుప రింగు, వీపున ఇంకొకటి. తాను బిగించుకున్నాక ఊరుకుంటే చాలదు. పక్కవాడు వచ్చి ప్రతి బకిల్‌నూ లాగి చూడాలి. వీడు వాడిది చూడాలి. హార్నెస్‌కు కట్టిన లాన్యార్డ్ అనే తాడుకు రెండు హుక్కులుంటాయి. ఒకటి విప్పేలోపు రెండోది తగిలి ఉండాలి, ఒక్క క్షణం కూడా రెండూ గాల్లో ఉండకూడదు. "పహలే హుక్, ఫిర్ పైర్" అని మాస్టారు గొంతు పోయేలా అరిచేవాడట. ముందు కొక్కెం, తర్వాత కాలు. ఆ మాట వాడి ఒంట్లో ఎంత ఇంకిపోయిందంటే, మా ఇంటి అటక మీదినుంచి పెట్టె దించడానికి స్టూలు ఎక్కినా ముందు చెయ్యి దేన్నో పట్టుకుంటుంది, ఆ తర్వాతే కాలు లేస్తుంది.

తప్పించుకునే పరికరం నాసెల్‌లో పెట్టెలో ఉంటుంది, లేదా వెంట మోసుకెళతారు. పైకి ఎక్కకముందే దాని సీలు చూడాలి, తాడు ఎన్ని మీటర్లో చూడాలి. ఎనభై మీటర్ల టవర్‌కు కొన్న తాడు నూట ఇరవై మీటర్ల టవర్‌లో ఉంటే, దిగేవాడు నలభై మీటర్ల ఎత్తున వేలాడుతూ ఆగిపోతాడు. ఇంత మామూలు సంగతిని పదేపదే ఎందుకు వల్లె వేయిస్తారని మొదట అనుకున్నాను. ప్రాణాలు ఎక్కువగా పోయేది మామూలు సంగతుల దగ్గరేనేమో. ఆ పెట్టెలో ఉండే యంత్రం చూడటానికి చిన్నదే. లోపల బ్రేకు ఉంటుంది, దిగే వేగం అదుపు తప్పనివ్వదు, వంద మీటర్లు దిగడానికి ఓ రెండు నిమిషాలు. నాసెల్‌లో ఒక మూత తెరిచి, గట్టి కొక్కేనికి యంత్రం తగిలించి, తన రింగును తాడుకు కలిపి, అంచున కూర్చుని, ఒంటి బరువంతా మెల్లగా తాడు మీదికి వదలాలి. ఆ వదలడమే కష్టమట. కింద మనుషులు కనిపిస్తుంటారు, చేతులు మూత అంచును వదలవు. మాస్టారు తొందరపెట్టలేదట, పక్కనే కూర్చుని, "తాడు బిగిసిందా చూసుకో, బిగిసిందా? ఇప్పుడు నీ బరువు నీది కాదు" అన్నాడట. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మనం జీవితంలో ఎన్నిసార్లు మన బరువును అలా ఇంకొకదాని మీద నిజంగా వదిలి ఉంటాం?

ఇంకో సంగతి నన్ను అంతకంటే ఎక్కువగా పట్టి నిలిపింది. ఆ తాడుకు రెండు కొసలు. ఒక కొసన మనిషి దిగుతుంటే రెండో కొస ఖాళీ కొక్కెంతో పైకి వస్తుంది, రెండోవాడు దాన్ని తగిలించుకుంటాడు. వాడు దిగుతుంటే మొదటి కొస మళ్లీ పైకి వెళుతుంది. మా ఊరి బావి గిలకకు రెండు చేదలు కట్టి తోడినట్టు. అంటే ముందు దిగినవాడు తాను బయటపడుతూనే వెనకవాడికి దారి పంపిస్తాడు. ఈ యంత్రాన్ని ఆలోచించినవాడెవరో నాకు తెలియదు గానీ, ఇంజనీరింగ్‌లో ఇంత దయ ఉండగలదని నేననుకోలేదు.

దయ అన్నాను, ఎందుకంటే అది లేనప్పుడు, అందనప్పుడు ఏం జరుగుతుందో ఒక ఫోటోలో చూశాను. 2013 అక్టోబర్ 29న నెదర్లాండ్స్‌లో ఊల్ట్‌గెన్స్‌ప్లాట్ అనే ఊరి దగ్గర గాలిమర మీద నలుగురు పనిచేస్తుండగా మంట లేచింది. ఇద్దరు దిగగలిగారు. ఇద్దరు పైనే చిక్కుకున్నారు, ఒకడికి 19 ఏళ్లు, ఇంకొకడికి 21. మంటకూ ఆకాశానికీ మధ్య నాసెల్ మీద రెండు చిన్న ఆకారాలున్న ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఇద్దరూ చనిపోయారు. మా వాడికి ఆ ఫోటో తెలుసు, ఆ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలుసట. నేను వాడి ముందు దాని ప్రస్తావన తేవాలా వద్దా అని చాలాసేపు తటపటాయించి చివరికి అడిగాను. వాడు ఫోను పక్కన పెట్టి, "దారి ఎటు మూసుకపోతదో మంట చెప్పది మామా, అందుకే రెండో దారి ముందే చూసి పెట్టుకోవాలె" అన్నాడు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడి నోట ఆ మాట. వాడు దాన్ని భయంతో చెప్పలేదు. అన్నం తినేముందు చేతులు కడుక్కోవాలన్నంత మామూలుగా చెప్పాడు.

మనకు ఇలాంటి చోట వెంటనే గుర్తొచ్చేవాడు అభిమన్యుడు. పద్మవ్యూహంలోకి వెళ్లడం తెలుసు, రావడం తెలియదు, సగం చదువు ప్రాణం తీసింది అని చిన్నప్పటినుంచీ చెప్పుకుంటాం. ఇప్పుడు ఆ కథను తలచుకుంటే నాకు వేరొకటి కనిపిస్తోంది. ఆ పిల్లవాడు తనకు బయటికి రావడం తెలియదని దాచలేదు, ముందే చెప్పాడు. నువ్వు దారి తెరువు, నీ వెనకే మేమొస్తాం అని పెద్దవాళ్లు మాటిచ్చి పంపారు. సైంధవుడు ద్వారం దగ్గర అడ్డుపడ్డాడు, వెనక రావలసినవాళ్లు రాలేకపోయారు. అభిమన్యుడి చదువు సగమే కావచ్చు. పంపినవాళ్ల ఏర్పాటు కూడా సగమే కదా? ద్వారం మూసుకుపోతే ఏం చేయాలో ఎవరూ ఆలోచించలేదు. మనం ఇన్నాళ్లూ తప్పంతా గర్భంలో సగమే విన్న బిడ్డ మీదా, కథ మధ్యలో కునుకు తీసిన తల్లి మీదా పెడుతూ వచ్చాం.

సూరత్‌లో ఉండి ఈ ఆలోచన చేస్తే ఇక్కడి సర్థానాలో జరిగిన అగ్నిప్రమాదం గుర్తుకు రాకుండా ఉండదు. 2019 మే 24, శుక్రవారం సాయంత్రం. తక్షశిలా ఆర్కేడ్ అనే భవనం పై అంతస్తులో పిల్లలు డ్రాయింగ్ క్లాసులో ఉన్నారు. కింద పుట్టిన మంట పైకి పాకింది, మెట్ల దారి మూసుకుపోయింది. 22 మంది పోయారు. పిల్లలు కిటికీల అంచులు పట్టుకుని వేలాడటం, ఒకరి తర్వాత ఒకరు దూకడం, ఈ నగరంలో ఫోను ఉన్న ప్రతివాడూ చూశాడు. మరుసటి రోజు పన్నెండో తరగతి ఫలితాలు వచ్చాయి, పోయినవాళ్లలో కొందరు పాసయ్యారు. ఆ వారమంతా మా మార్కెట్లో బేరాలు జరిగాయి గానీ గొంతులు లేవలేదు. తర్వాత గుజరాత్ అంతటా కోచింగ్ సెంటర్లు మూయించారు, తనిఖీలు చేశారు, కాగితాలు అడిగారు. నేను ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఆ ఎత్తును కళ్లతో కొలుస్తాను. మా వాడు రోజూ ఎక్కే ఎత్తులో అది ఏ కొంచెమో. నూట ఇరవై మీటర్ల మీదినుంచి ఇద్దరు మనుషులు క్షేమంగా దిగడానికి ఏర్పాటు ఉన్న లోకంలోనే, నాలుగు అంతస్తుల మీదినుంచి పిల్లలు దిగడానికి దారి లేకపోయింది. ఈ రెండు సంగతులూ ఒకే రాష్ట్రంలో, ఒకే కాలంలో నిజాలు. ఆ పిల్లలకు ఎవరైనా డ్రిల్లు నేర్పి ఉంటే? ఈ ప్రశ్న నన్ను చాలా రాత్రులు కూర్చోబెట్టింది. కొంత మేలు జరిగేదేమో. కానీ లేని మెట్లను ఏ డ్రిల్లు సృష్టిస్తుంది? టవర్‌లో కొక్కెం ఎక్కడ తగిలించాలో ఇంజనీరు ముందే గీసి, అది ఎంత బరువు ఆపుతుందో లెక్కగట్టి, పసుపు రంగు వేసి పెట్టాడు. అందువల్లే మా వాడు నేర్చుకున్నది పనికొస్తుంది. మనిషిని పైకి పంపేవాడు దిగే దారి ముందుగా కట్టాలి. శిక్షణ ఆ తర్వాత మాట.

ఈ నగరానికి పైకి చూడటం అలవాటు, అందులో దాని తప్పేమీ లేదు. 2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ నుంచి వదిలిన నీళ్లతో తాపీ పొంగినప్పుడు సూరత్‌లో అధికభాగం మునిగిపోయింది. అప్పుడు ప్రాణం నిలిపినవి డాబాలే. జనం ఇళ్ల మీదికెక్కి కూర్చున్నారు, తిండి పొట్లాలు పైకే వచ్చాయి. ఉత్తరాయణం పండగకు ఇక్కడ నేల మీద మనిషి కనిపించడు, ఊరంతా డాబాల మీద పతంగులతో ఉంటుంది. పైకెళితే క్షేమం, పైకెళితే సంబరం. నీళ్లు నేర్పిన పాఠం నిప్పు దగ్గర తిరగబడుతుంది, పొగ కూడా పైకే వస్తుంది కదా. మా వాడలో పండగ పోగానే డాబా తలుపుకు తాళం పడుతుంది, కిందేమో మెట్ల కింద బైకులు నిలబెడతారు. అద్దెలు పెరిగి, చోటు తగ్గి, అడుగడుగూ డబ్బయిన ఊళ్లో మెట్ల మలుపు ఖాళీగా ఉంటే ఎవరికైనా కన్ను కుడుతుంది. మా మార్కెట్ మెట్ల మలుపులో మూట పెట్టిన హమాలీని నేను తప్పుపట్టలేను. పెట్టమన్నవాడికి గోదాము అద్దె మిగిలింది.

ఎత్తుమీది పని మన జనానికి కొత్తదేమీ కాదు, గాలిమరలకు ఎంతో ముందే తాటిచెట్లున్నాయి. మా ఊళ్లో గౌడన్నలు మోకు నడుముకు వేసుకుని, ముస్తాదు కట్టుకుని, తెల్లవారుజామున చెట్టెక్కేవారు. మోకు జారితే అంతే. ప్రతి ఊళ్లోనూ నడుం విరిగి మంచాన పడ్డ గీత కార్మికుడి ఇల్లు ఒకటి ఉండేది, దాన్ని ఆ కులం తలరాతగా చూశారు. నైపుణ్యం ఉందిగా, తాతల నాటి విద్యగా, ఇంకేం కావాలి అన్నారు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు కొత్త కిట్లు పంచడం మొదలుపెట్టింది. వాటిని వాడటం కూడా నేర్పిస్తారని చదివినప్పుడు సంతోషం వేసింది. వెంటనే ఒక బాధ కూడా. తాడు అంతకుముందూ ఉంది, హార్నెస్ అంతకుముందూ ఉంది. విదేశీ పెట్టుబడి ఉన్న టవర్ మీదికి ఎక్కేవాడికి మొదటి రోజే దొరికింది తాటిచెట్టు ఎక్కేవాడికి అందడానికి ఇన్ని తరాలు ఎందుకు పట్టింది? నేర్చుకోవడంలో వాళ్లు ఎవరికీ తీసిపోరు. వాళ్ల ఒళ్లు ఎత్తును ఎరిగినంత ఏ మాస్టారి ఒళ్లూ ఎరగదు.

శిక్షణ పుచ్చుకున్నవాడు నిజంగా నిబ్బరంగా ఉంటాడా, ఆ క్షణం వస్తే చేతులు వణకవా అని నాకు అనుమానం పోలేదు. వణుకుతాయనే మా వాడు చెప్పాడు. వణికే చేతులతో కూడా కొక్కెం తగిలించగలిగేలా మళ్లీ మళ్లీ చేయించడమే ఆ చదువు. ఒంటికి మరపు త్వరగా వస్తుంది కనకనే ఆ సర్టిఫికెట్‌కు రెండేళ్లే ఆయుష్షు, మళ్లీ వెళ్లి మళ్లీ వేలాడి రావాలి. తాను దిగడం వాడికిప్పుడు పెద్ద విషయం కాదు. కష్టమైనది ఇంకొకడిని దింపడం. నిచ్చెన మీద స్పృహ తప్పి హార్నెస్‌లో వేలాడుతున్న మనిషి ఉన్నాడనుకుంటే, తొడల పట్టీలు బిగిసి కాళ్లలోంచి రక్తం పైకి రాదు, నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. కిందినుంచి ఎవరో వస్తారని చూసే వ్యవధి లేదు. పక్కవాడే దగ్గరికెక్కి, తన తాడుకు వాణ్ణి కలిపి, కాస్త పైకెత్తి, చిక్కుకున్న హుక్కు విడిపించి, కిందికి దింపాలి. శిక్షణలో నిండు మనిషంత బరువున్న బొమ్మతో చేయిస్తారు. ఒకసారి బొమ్మ బదులు తోటి కుర్రాడే వేలాడాడట. వాణ్ణి ఎత్తుతున్నప్పుడు వాడి ఊపిరి తన చెవి దగ్గర వినిపించిందనీ, అప్పటినుంచి బొమ్మను ఎత్తినా ఆ ఊపిరే వినిపిస్తుందనీ చెప్పాడు. ఆ మాట చెప్పి కాసేపు తన అరచేతుల వైపు చూసుకున్నాడు. తాడు ఒరుసుకుని వేళ్ల మొదట్లో కాయలు కాశాయి. వాళ్ల నాన్న చేతికి కాయలు ఇంకో చోట ఉండేవి.

వాడు ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అక్క ఫోను చేసినప్పుడల్లా ఒకటే అడిగేది, ఇవాళ ఎంత ఎత్తు ఎక్కినవురా అని. ఎత్తు వినగానే ఇంక అన్నం సహించేది కాదు ఆమెకు. ఇదంతా విన్నాక ప్రశ్న మారింది. నీతోని ఎవరెక్కిండ్రు అని అడుగుతోంది. ఈసారి వాడితో జట్టుకట్టినవాడు ఒడిశా కుర్రాడు, కొత్తగా చేరాడు. అక్క వాడి ఊరడిగింది, తల్లిదండ్రులనడిగింది, తెలుగు రాకపోతే పనిలో ఏ మాటతో పిలుచుకుంటారని అడిగింది. చివరికి, ఆ పిలగాని సర్టిఫికెట్ ఎప్పటిదాకా ఉన్నదో కనుక్కొని చెప్పమని గట్టిగా చెప్పి ఫోను పెట్టేసింది.